గోమాళం పోయాక వచ్చిన సబ్సిడీ

2025 జూన్ చివర్లో మలే మహదేశ్వర కొండల్లో ఒక ఆడపులి, దాని నాలుగు పిల్లలు విషం కలిసిన ఆవు కళేబరం తిని చచ్చిపోయాయి. ఆ వార్త చదివి బాధపడని వాళ్లు లేరు. నెల తిరిగే లోపే కర్ణాటక అటవీ శాఖ మంత్రి ఈశ్వర్ ఖండ్రే అడవుల్లో పశువుల మేతను ఆపే చర్యలు తీసుకోమని అధికారులకు రాశారు. గొర్రెల కాపర్లు, రైతు సంఘాలు ఎదురు తిరిగాయి. అప్పటి నుంచి బెంగళూరులో ఈ గొడవ ఎప్పుడు లేచినా చివరికి ఒకే మాట దగ్గరికి వచ్చి ఆగుతోంది. మేపడం మానండి, కట్టేసి పెంచండి, సగం డబ్బు ప్రభుత్వం ఇస్తుంది అని.

ఆ సగం డబ్బు ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది తెలియాలంటే పులుల దగ్గర, అడవి దగ్గర వెతికితే దొరకదు. మైసూరు రాజుల పశువుల మందలు, టిప్పు సుల్తాను, అమృత మహల్ కావళ్ల (ఆ మందల మేతకు విడిచిన భూముల) కథ చాలామంది చాలాసార్లు చెప్పారు, దాన్ని వదిలేద్దాం. నా లెక్కలో ఈ గొడవ మొత్తానికి మూలం 1991లో ఉంది.

ఆ ఏడాది కర్ణాటక భూ ఆదాయ చట్టంలో 94ఎ అనే కొత్త సెక్షన్ చేరింది. 1990 ఏప్రిల్ 14కు ముందు నుంచి ప్రభుత్వ భూమిని హుకుం లేకుండా దున్నుకుంటున్న వాళ్లు ఫారం 50 నింపి పెట్టుకుంటే, ఆ సాగును సక్రమం చేసి భూమి వాళ్ల పేరున రాస్తారు. ఇక్కడ పల్లెల్లో దీన్ని బగర్ హుకుం అంటారు. నిర్ణయించే కమిటీకి స్థానిక ఎమ్మెల్యేనే అధ్యక్షుడు. తర్వాత ఫారం 53 వచ్చింది. 2018లో ఫారం 57 వచ్చి, 2005కు ముందు అలా సాగులోకి దిగిన వాళ్లకూ తలుపు తీసింది. దరఖాస్తులు లక్షల్లో పడ్డాయి.

ఆ భూముల్లో గోమాళం కూడా ఉంది. కష్టం వచ్చింది అక్కడే.

గోమాళం అంటే ఊరి పశువుల మేతకు విడిచిన భూమి. దేవనహళ్లి, హోసకోటె, చింతామణి వైపు మన తెలుగు ఇళ్లల్లో కూడా గోమాళమనే అంటారు, పచ్చికబయలు అనే మాట పుస్తకాల్లోనే కనిపిస్తుంది. 1966 నాటి భూ ఆదాయ నియమాల్లో 97వ నియమం దీనికి ఒక కొలత పెట్టింది. ఊళ్లో ఉన్న ప్రతి 100 పశువులకు 12 హెక్టార్ల ప్రభుత్వ భూమిని ఉచిత మేతకు విడిచిపెట్టాలి. ఎకరాల్లో చెప్పుకుంటే దాదాపు 30.

ఈ నియమాన్ని ఇంకోసారి నిదానంగా చదవండి. పాడి మీద, మంద మీద బతికే మనిషికి అయ్యే ఖర్చులో అన్నిటికన్నా పెద్దది మేత. ఆ మేత పండే నేలను ప్రభుత్వం తన వాటాగా పెట్టింది. తెల్లారి లేచి పశువును తోలుకెళ్లడం, ఎండలో వెంట తిరగడం, ఈతకు రాత్రంతా మేలుకోవడం మనిషి వాటా. ఖర్చు పంచుకునే పథకమంటే అసలు అదే. దరఖాస్తు లేదు, బ్యాంకు గ్యారంటీ లేదు, ఆన్‌లైన్ పోర్టల్ లేదు. పశువు ఉంటే చాలు, వాటా దానంతట అదే అందేది. 1991 తర్వాత ప్రభుత్వం తన వాటాను కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకుంది.

బగర్ హుకుం కింద పట్టా అందుకున్న వాళ్లంతా దోపిడీదారులని నేను అనడం లేదు. వాళ్లలో భూమి లేని దళితులున్నారు, రెండెకరాల రాగి చేనే దిక్కయిన వాళ్లున్నారు. ఊళ్లో ఒక పేదవాడికి భూమి ఇవ్వడానికి ఇంకో పేదవాడి మేతను కోసి ఇచ్చారన్నదే నా బాధ. పెద్ద రైతుల భూములు ముట్టుకోవడం కష్టమైంది కాబట్టి ఎవరి పేరునా లేని భూమి మీద చెయ్యి పడింది. గోమాళం తమదని చెప్పుకోవడానికి కాపరి దగ్గర పహణీలో పేరు లేదు.

ఇందులో లెక్క ఎలా తిరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. ఊళ్లో 400 పశువులుంటే నియమం ప్రకారం 48 హెక్టార్లు గోమాళంగా ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉంటేనే ఆ మిగులును ఇతరులకు ఇవ్వొచ్చు. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఒక పక్క ఆక్రమణ, ఇంకో పక్క నీలగిరి తోపు, మధ్యలో వయ్యారిభామ, లాంటానా పొదలు. మేత దొరక్క నలుగురు పశువుల్ని సంతకు తోలేస్తారు. తర్వాతి పశుగణనలో 400 కాస్తా 200 అవుతాయి. ఇప్పుడు 24 హెక్టార్లు చాలు, మిగతాది మిగులు. ఆ మిగులు పోతుంది, మేత ఇంకా తగ్గుతుంది, మరో నలుగురు అమ్ముకుంటారు. మేత లేక పశువులు తగ్గితే, పశువులు తగ్గాయి కాబట్టి మేత భూమి అక్కర్లేదని రాసుకునే రిజిస్టరు ఇది. వలస వెళ్లే మందలు ఆ లెక్కలోకి వచ్చేవే కాదు. సంచార కాపరుల వివరాలను విడిగా నమోదు చేయడం 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలోనే మొదటిసారి.

బెంగళూరు చుట్టూ అయితే పట్టా ఆశ చూపించే అవసరం కూడా రాలేదు. నగర హద్దుకు 18 కిలోమీటర్ల లోపు భూములకు 94ఎ కింద పట్టా ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. అయినా ఏ.టి. రామస్వామి నాయకత్వంలోని ఉభయ సభల కమిటీ 2007లో లెక్క తేల్చేసరికి బెంగళూరు నగర జిల్లాలోనే 27 వేల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమి ఆక్రమణలో ఉంది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి గ్రామాలకు తిరిగి అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. తీర్పు గొప్పదే. కాంక్రీటు పోసిన గోమాళం మీద మాత్రం గడ్డి మళ్లీ మొలవదు.

చిత్రదుర్గ జిల్లా చళ్లకెరెలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. అమృత మహల్ కావళ్లలో దాదాపు 10 వేల ఎకరాలు పరిశోధన సంస్థలకు, రక్షణ సంస్థలకు వెళ్లాయి. ఒక్క డీఆర్‌డీఓకే 4,290 ఎకరాలు, ఐఐఎస్‌సీకి 1,500. తరతరాలుగా అక్కడ మేపుకున్న ఊళ్లకు కిలోమీటర్ల కొద్దీ గోడలు అడ్డం లేచాయి. కేసు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి దాకా పోయింది, 2014 ఆగస్టులో తీర్పు వచ్చింది. గోడలు ఇప్పటికీ ఉన్నాయి.

అధికారుల వాదన కూడా ఉంది. అతిగా మేపితే నేల దెబ్బతింటుంది, మందల నుంచి అడవి జంతువులకు రోగాలు అంటుకుంటాయి, కట్టేసి మేపితే పాలు ఎక్కువ వస్తాయి అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. మద్రాసు హైకోర్టు 2022 మార్చిలో తమిళనాడు అడవులన్నిటిలో మేతను నిషేధించి, కొద్ది రోజులకే ఆ నిషేధాన్ని పులుల అభయారణ్యాలు, జాతీయ పార్కులు, వన్యప్రాణి కేంద్రాల వరకు కుదించుకుంది. మరి మేత అడవిలోకి ఎందుకు జరిగిందో ఎవరూ అడగరు. ఊరి బయట గోమాళం ఉండగా కొండెక్కే పని ఎవరికి కావాలి?

ఇక సబ్సిడీ. జాతీయ పశుసంపద మిషన్ 2014-15లో మొదలైంది. 2021-22లో దాన్ని మార్చి, పెట్టుబడిలో 50 శాతం సబ్సిడీ అన్నారు. 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు 10 లక్షల దాకా, 500 గొర్రెలు, 25 పొట్టేళ్లకు 50 లక్షల దాకా ఇస్తారు. సైలేజీ (ఊరబెట్టిన పచ్చిగడ్డి), గడ్డి బేళ్లు తయారుచేసే యూనిట్లకూ 50 లక్షల వరకు ఉంది. దీనికి సొంత భూమి ఉండాలి, లేదా లీజు కాగితం ఉండాలి. మిగతా సగానికి బ్యాంకు లోను గానీ గ్యారంటీ గానీ చూపించాలి. సబ్సిడీ రెండు విడతల్లో వస్తుంది, రెండోది పని పూర్తయిందని తనిఖీ చేశాకే. సగం ఖర్చు తనదంటున్న ప్రభుత్వం, మిగతా సగం పెట్టగలిగిన వాడితోనే మాట్లాడుతోంది. 1991కి ముందు భూమి లేని వాడికి భూమి రూపంలో అందిన వాటా, ఇప్పుడు భూమి ఉన్న వాడికి డబ్బు రూపంలో అందుతోంది.

ఉపాధి హామీ కింద పశువుల కొట్టానికి 57 వేలు ఇచ్చారు. మంచిదే, కొట్టం కావాలి. కానీ గడ్డి నరికే చాఫ్ కట్టరు, కొట్టం, మేతకు అజొల్లా పెంచే తొట్టి, సైలేజీ సంచి, ఏ పథకం చూసినా డబ్బంతా గాటి దగ్గరే ఆగుతుంది, బీడు దాకా రాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఈ మిషన్‌ను సవరించి, అటవీయేతర బంజరు భూముల్లో, మేత భూముల్లో, పాడైన అడవి నేలల్లో పశుగ్రాసం పెంచడానికి సాయం చేరుస్తామంది. పదేళ్ల తర్వాత నేల మాట వినబడింది. అయితే పెంచిన గడ్డిని ఎవరు మేపుకోవాలి, ఏ నెలలో ఏ భాగం వదలాలి, కంచె లోపలికి మందకు దారి ఎటు అన్నది తేలకపోతే అది ఇంకొక తోపుగానే మిగిలిపోతుంది.

అమెరికాలో ఈక్విప్ అని ఒక పథకముంది, 1996 వ్యవసాయ చట్టంతో వచ్చింది. పచ్చికను ముక్కలుగా విడగొట్టి వంతులవారీగా మేపే రైతుకు కంచె, నీటి పైపులు, తొట్ల ఖర్చులో 75 శాతం దాకా, కొత్తగా సాగు మొదలుపెట్టిన వాళ్లకు 90 శాతం దాకా ఇస్తారు. ఇక్కడి సెమినార్లలో దీన్ని తరచూ ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ కంచె వేసుకునేది రైతు, తన చేతిలో ఉన్న నేల చుట్టూ. ఇక్కడ కాపరికి కంచె అంటే తనను బయట ఉంచేదే. వంతులవారీ మేత మన కాపరికి కొత్త విద్య కూడా కాదు. వాన పడ్డాక ఏ గుట్టను ముందు మేపాలి, ఏ చెరువు గట్టు గడ్డిని గింజ రాలేదాకా ముట్టకూడదు అన్నది వాడికి నోటికి వచ్చు. ఆ తెలివిని ప్రయోగించే చోటే లేకుండా పోయింది.

పోయిన వేసవిలో దేవనహళ్లి దాటాక ఒక కొత్త లేఅవుట్ పక్కన 60, 70 గొర్రెల మంద కనబడితే బండి ఆపాను. రోడ్లు వేసి, నంబర్లు రాసిన రాళ్లు పాతి ఉన్నాయి, ఇళ్లు ఇంకా లేవలేదు. వాన నీటి కాలువ అంచున గరిక కొంచెం పచ్చగా ఉంటే గొర్రెలన్నీ ఆ సిమెంటు గట్టు మీద వరసగా నిలబడి తలలు కిందికి వంచి మేస్తున్నాయి. కాపరికి డెబ్భై దాటి ఉంటాయి. బాగేపల్లి వైపు వాళ్లం అని తెలుగులోనే చెప్పాడు. ఏటా ఇటు దిగి రైతుల చేలల్లో మంద కట్టేవాళ్లట. రాత్రికి ఇంత ధాన్యం, ఇంత డబ్బు ముట్టేది, చేనుకు ఎరువు మిగిలేది. ఇప్పుడు చేలు ప్లాట్లయ్యాయి.

సబ్సిడీ స్కీము గురించి అడిగాను. విన్నాడు, పశువుల డాక్టరుగారు చెప్పారట. "భూమి కాగితం తెమ్మన్నారు తమ్ముడూ. కాగితముంటే ఈ గొర్రెల ఎనకాల ఎందుకు తిరుగుతా?"

అదే దారిలో కాస్త ముందుకెళ్తే ఒక అక్క ఇంటి ముందు రెండు సీమావులున్నాయి. ఆమె అత్త కాలంలో నాలుగు నాటావులు, గోమాళంలోనే మేసేవట. ఇప్పుడు రాగి గడ్డి కొంటుంది, బూసా కొంటుంది, చక్క కొంటుంది. రాష్ట్రంలో డెయిరీ సంఘాలన్నీ కలిసి పోసే పాలు 2024లో రోజుకు కోటి లీటర్లు దాటాయని పండగ చేసుకున్నారు. లీటరుకు ప్రభుత్వం ఇచ్చే 5 రూపాయల ప్రోత్సాహం కూడా ఆమెకు అందుతోంది, ఆలస్యంగానైనా. "ఆ అయిదు రూపాయలు గడ్డి బండి అతనికే పోతాయన్నా" అంది.

బెంగళూరు పక్కనున్న హెసరఘట్టను కూడా ఈ వెలుగులోనే చూడాలి. పశుసంవర్ధక శాఖ చేతిలో ఉన్న ఆ గడ్డి మైదానాన్ని, దాని చుట్టుపక్కల భూముల్ని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించాలన్న ప్రతిపాదనను రాష్ట్ర వన్యప్రాణి మండలి 2021 జనవరిలో తోసిపుచ్చింది. విషయం హైకోర్టుకెళ్లింది. 2024 అక్టోబరులో అదే మండలి 5,678 ఎకరాలకు ఒప్పుకుంది. రిజర్వు వస్తే మేపుకోనివ్వరన్న భయం చుట్టుపక్కల ఊళ్లలో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చట్టం ప్రకారం కన్జర్వేషన్ రిజర్వులో ప్రజల హక్కులు రద్దు కావు, స్థానికులతో సంప్రదించాకే దాన్ని ప్రకటించాలి. నగరానికి ఇంత దగ్గర్లో మిగిలిన గడ్డినేల అదొక్కటే అనిపిస్తుంది. పక్షుల కోసం దాన్ని కాపాడాలనే వాళ్లకూ, పశువుల కోసం కాపాడాలనే వాళ్లకూ అక్కడ గొడవ ఉండాల్సిన పని లేదు. ఎప్పుడు, ఎన్ని తలలు, ఎంతకాలం అన్న వంతుల పట్టికను ఊళ్లతో కూర్చుని రాసి, కాపరి పనికి, నీటి తొట్లకు, కలుపు పీకడానికి అయ్యే ఖర్చును ప్రభుత్వం పంచుకుంటే, ఖర్చు వాటా అనే మాటకు ఈ రాష్ట్రంలో 1991 తర్వాత మొదటిసారి అర్థం వస్తుంది.

బాగేపల్లి పెద్దాయన ఆ రోజు పొద్దుగూకేలోపు మందను ఎక్కడ ఆపాలో ఇంకా తేల్చుకోలేదు. లేఅవుట్ వాచ్‌మన్ ఏడింటికి గేటు వేస్తాడట. నేను బయల్దేరేటప్పటికి ఆయన ఒక్కొక్క గొర్రెనే కాలువ గట్టు మీద నుంచి రోడ్డు మీదికి మళ్లిస్తున్నాడు.