పెద్దదిక్కు మధ్యలో వెళ్లిపోతే

హైదరాబాద్‌లో ఒక హాస్టల్‌కి నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం వెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్లవాడికి లెక్కలు చెప్పడం నా పని. పుస్తకం తెరిచిన పది నిమిషాలకే మూసేసి, వాళ్ల ఊరి చెరువు గురించి, గాలానికి ఎర ఎలా గుచ్చాలో చెప్పడం మొదలుపెట్టేవాడు. నేను మళ్లీ పుస్తకం తెరిపించేవాణ్ని. తిరిగి వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, "అన్నా, వచ్చే ఆదివారం వస్తవా?" అని అడిగేవాడు. ఆఫీసులో షిఫ్టు మారింది. ఒక వారం వెళ్లలేదు, తర్వాత నెల వెళ్లలేదు, ఆ తర్వాత వెళ్లడానికి మొహం చెల్లలేదు. నాలుగు నెలలు వెళ్లాను కదా, కొంతైనా మేలు జరిగి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఇలా ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడికి తోడుగా ఉండి దారి చూపడాన్ని మెంటరింగ్ అంటారు, ఆ మనిషిని మెంటర్ అంటారు. దాని మీద జరిగిన పరిశోధనలు చదివాక ఆ మాట అనుకోలేకపోతున్నాను.

ఈ పరిశోధనల్లో అందరూ ముందుగా చెప్పుకునేది అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో జరిగింది. రిచర్డ్ క్లార్క్ క్యాబట్ అనే డాక్టరు, పేదవాడల్లో పిల్లలు దారి తప్పకుండా ఉండాలంటే పక్కన ఒక మంచి పెద్దమనిషి ఉంటే చాలని నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, పరీక్షించి చూడాలనుకున్నాడు. వయసులో, కుటుంబ పరిస్థితిలో, స్వభావంలో ఒకరికొకరు పోలిన పిల్లల్ని జతలుగా చేర్చారు. ఒక్కో జతకీ బొమ్మా బొరుసా వేసి ఒకరిని సాయం అందే వైపు, ఇంకొకరిని మామూలుగా వదిలేసే వైపు పెట్టారు. చివరికి రెండు వైపులా 253 మంది చొప్పున మిగిలారు. 1939 నుంచి 1945 దాకా కౌన్సిలర్లు నెలకు సగటున రెండుసార్లు ఇంటికి వెళ్లేవారు. చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, కొందరిని వేసవి క్యాంపులకు పంపారు.

ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల కోసం వెతికింది. అప్పటికి వాళ్లు నడివయసు మగవాళ్లు. దాదాపు అందరి జాడా పట్టుకుంది. జవాబిచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆ సాయం తమకు మేలు చేసిందన్నారు. కోర్టు, ఆసుపత్రి, మరణాల రికార్డులు మాత్రం వేరే మాట చెప్పాయి. ఒకటికి మించి నేరాలు చేసినవాళ్లు, తాగుడుకు బానిసైన లక్షణాలున్నవాళ్లు, తీవ్రమైన మానసిక జబ్బుల పాలైనవాళ్లు సాయం అందిన వైపే ఎక్కువ. 1978లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మంచి మనసుతో చేసిన పని కీడు కూడా చేయగలదని ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మెకార్డ్ ఆ కష్టమైన మాట దాచకుండా చెప్పింది. ఆమె మీద నాకు గౌరవం అందుకే.

ఎందుకిలా జరిగింది? మెకార్డ్ తర్వాత చేసిన పరిశీలనలో వేసవి క్యాంపులకు ఒకటికి రెండుసార్లు వెళ్లిన పిల్లల పరిస్థితే అందరికంటే అధ్వానంగా కనిపించింది. టామ్ డిషియన్ అనే మనస్తత్వవేత్త కుర్రాళ్ల జతల మాటల్ని వీడియో తీసి చూశాడు. ఒకడు తప్పుడు పని గురించి చెప్తే రెండోవాడు నవ్వుతాడు. ఆ నవ్వే బహుమతి. మళ్లీ అదే రకం మాట వస్తుంది. పెద్దలు ఏర్పాటు చేసిన క్యాంపులోనూ అదే బడి నడిచి ఉండొచ్చు. ఇంకో కారణం కూడా మెకార్డ్ ఊహించింది. పిల్లలు సాయానికి అలవాటుపడ్డారు, ఆశలు పెంచుకున్నారు, ఒకరోజు ఆ సాయం ఆగిపోయింది. నన్ను పట్టుకున్నది ఈ రెండో కారణం.

అలాగని మెంటరింగ్ పనికిరాదని కాదు. అమెరికాలోని బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ మూలాలు 1904లో ఉన్నాయి. న్యూయార్క్ పిల్లల కోర్టులో క్లర్కుగా ఉన్న ఎర్నెస్ట్ కౌల్టర్, బోనెక్కే పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో అన్నలాంటి మనిషిని వెతికాడు. ఆ సంస్థ పని మీద 1995లో వచ్చిన అధ్యయనంలో 959 మంది పిల్లలున్నారు. సగం మందికి వెంటనే మెంటర్‌ని కలిపారు, మిగతావాళ్లను వెయిటింగ్ లిస్టులో ఉంచారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మెంటర్ ఉన్న పిల్లలు మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తగ్గింది, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తగ్గింది.

ఆ పిల్లల వివరాలనే జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ మళ్లీ తీసి, మెంటర్, పిల్లవాడు కలిసిన ఒక్కో జత ఎన్నాళ్లు నిలిచిందో చూశారు. ఏడాది, ఆపైన నిలిచిన జతల్లోని పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే జత విడిపోయిన పిల్లలకు తమ మీద తమకున్న విలువ, చదవగలననే నమ్మకం, రెండూ మునుపటికంటే పడిపోయాయి. అంటే మెంటర్ రాకముందే నయం. ఇంట్లో దెబ్బలు, వేధింపులు చూసిన పిల్లల జతలు తొందరగా తెగుతున్నాయని కూడా తేలింది. ఇప్పటికే ఒకసారి పెద్దల చేతిలో మోసపోయిన పిల్లలు వాళ్లు.

ఇంకో అధ్యయనంలో 82 జతల్ని దగ్గరగా గమనించారు. కొందరు మెంటర్లు మొదటి రోజు నుంచే మార్కులు, ప్రవర్తన సరిదిద్దడానికి పూనుకున్నారు. కొందరు పిల్లలకి ఇష్టమైనదేదో కనుక్కుని, ముందు స్నేహం కలుపుకున్నారు. తొమ్మిది నెలలకు మళ్లీ చూస్తే మొదటి రకం జతలు చాలావరకు చెదిరిపోయాయి, రెండో రకం నిలిచాయి. ఇది చదివినప్పుడు నాకు ఆ చెరువు, ఆ గాలం గుర్తొచ్చాయి. వాడు తలుపు తీశాడు. నేను లెక్కల పుస్తకంతో దాన్ని మూశాను.

మేలు ఎంత అంటే, కొద్దిగానే. 2011లో డేవిడ్ డుబాయ్, మరికొందరు 73 మూల్యాంకనాలను కలిపి లెక్కించారు. వందమందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు సుమారు నలభై ఒకటో స్థానానికి వస్తాడన్నమాట. చిన్నదే, కానీ నిజమైనది. వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, నెలనెలా ఫోన్ చేసి కనుక్కుంటూ, ఎవరికి ఎవరు నప్పుతారో చూసి కలిపే చోట ఇది పెరుగుతుంది.

సంస్థలు లేకుండానే ఈ పని చేసేవాళ్లూ ఉన్నారు. హవాయి దీవుల్లో కవాయ్ అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, జబ్బులు ఇలాంటి కష్టాలు కలిసొచ్చిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లకు దాదాపుగా అందరికీ నమ్మకంగా నిలబడిన ఒక మనిషి ఉన్నారు: ఒక అమ్మమ్మో, మేనత్తో, ఒక టీచరో. మనం పెద్దదిక్కు అనేది ఇలాంటి మనిషినే.

మన దగ్గర ఆఫీసుల నుంచి టీషర్టులు వేసుకుని హాస్టళ్లకు, అనాథాశ్రమాలకు ఒక శనివారం వెళ్లి, ఫోటోలు దిగి వచ్చే అలవాటు పెరిగింది. పుస్తకాలు పంచడానికి అది సరిపోతుంది. పిల్లలతో "నేనున్నాను" అనడానికి మాత్రం ఏడాది కావాలి. నెలకు రెండు రోజులే కుదిరితే రెండు రోజులనే చెప్పాలి, ఆ రెండూ తప్పకూడదు. బదిలీ వచ్చి వెళ్లక తప్పకపోతే మూడు, నాలుగు వారాల ముందే చెప్పి, తన తప్పేమీ లేదని వాడికి అర్థమయ్యేలా వీడ్కోలు తీసుకోవాలి. నేను ఆ పనీ చేయలేదు.

కిందటి నెల ఆ హాస్టల్‌కి వెళ్లాను. వాడు పదో తరగతి పూర్తి చేసి ఊరికి వెళ్లిపోయాడట. వార్డెన్ గారు కొత్తగా చేరినవాళ్ల పేర్లు చూపించారు. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం వస్తానని, వచ్చే ఏడాది ఏప్రిల్ దాకా వస్తానని రాసి సంతకం పెట్టాను. ఈసారి లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్లడం లేదు.