సముద్రపు జంతు ప్లవకాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్లవకాలు నీటితో కొట్టుకుపోవడమే తప్ప ఈదలేవు.

వాస్తవం: నీటితో పాటు కొట్టుకుపోయే జీవులకు 1887లో జర్మన్ శాస్త్రవేత్త విక్టర్ హెన్సెన్ 'ప్లాంక్టన్' అని పేరు పెట్టారు, ఆ పేరే ఈ అపోహకు మూలమని నా అభిప్రాయం. ప్రవాహానికి ఎదురీదలేకపోవడం వేరు, అసలు ఈదలేకపోవడం వేరు. సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండే, రొయ్యలకు దూరపు బంధువులైన కోపిపాడ్లలో అనేక జాతులు పగలంతా చీకటి లోతుల్లో గడిపి, పొద్దుగూకగానే వృక్ష ప్లవకాలను (నీటిలో తేలే, మొక్కల్లాంటి సూక్ష్మజీవులను) మేయడానికి పైకి ఈదుకుంటూ వచ్చి, తెల్లవారకముందే మళ్లీ దిగిపోతాయి. కొన్నిటికి ఈ ప్రయాణం వందల మీటర్లు ఉంటుంది. వెలుగులో కంటితో చూసి వేటాడే చేపల నుంచి తప్పించుకోవడమే దీనికి ప్రధాన కారణం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శబ్ద తరంగాలతో నీటి లోతును కనిపెట్టే సోనార్‌కు పగలు సముద్రపు అడుగును తలపించేలా కనిపించి, రాత్రి పైకి లేచిన పొర ఇలా వలస వెళ్లే చిన్న చేపలు, రొయ్యల్లాంటి క్రిల్ వంటి జీవుల గుంపులదే. ఇవి పైన తిన్న ఆహారంలోని కార్బన్ కొంత విసర్జితాల రూపంలో లోతుకు చేరి గాలికి దూరమవుతుంది కనుక, ఈ రాకపోకలు వాతావరణానికీ సంబంధించినవే. ఒకే చోట పైనీటిలో పగలు లాగిన వలలో పడేదీ, రాత్రి లాగిన వలలో పడేదీ ఒకటి కావు. అందుకే పగటి నమూనా ఒక్కటే చూసి 'ఇక్కడ జీవం తక్కువ' అని తేల్చడాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: ఇవన్నీ సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపిస్తాయి.

వాస్తవం: అంటార్కిటిక్ క్రిల్ సుమారు 6 సెంటీమీటర్లు పెరుగుతుంది. 30 మీటర్లకు మించిన టెంటకిల్స్ (తీగల్లాంటి అవయవాలు) ఉండే లయన్స్ మేన్ జెల్లీ ఫిష్ కూడా ప్లవకమే.

అపోహ: ప్లవకంగా పుట్టినది చివరిదాకా ప్లవకమే.

వాస్తవం: కోపిపాడ్లు, క్రిల్ విషయంలో ఇది నిజం. పీతలు, ఆల్చిప్పలు, రొయ్యలు మాత్రం తొలి దశల్లోనే ప్లవకాలు. మన కోస్తా హేచరీల్లో పనిచేసేవారు దీన్ని రోజూ చూస్తూనే ఉంటారు: రొయ్య పిల్ల తొలి దశ నాప్లియస్ తనలోని పచ్చసొనతోనే బతుకుతుంది, తరువాతి దశ జోయియా వృక్ష ప్లవకాలను తినడం మొదలుపెడుతుంది, ఆపైన మైసిస్ దశ దాటాక పోస్ట్ లార్వా అవుతుంది. టైగర్ రొయ్య సముద్రంలో ఈ దశలన్నీ గడిపిన తరువాతే నదీముఖాల్లోని మడ అడవుల వైపు చేరుతుంది. అనేక జెల్లీ ఫిష్ జాతులది దీనికి తలకిందులైన క్రమం. వాటి బాల్యం రాళ్లకూ గుల్లలకూ అంటుకుని కదలకుండా ఉండే 'పాలిప్' రూపంలో గడిచి, ప్లవక జీవితం ఆ తరువాతే మొదలవుతుంది.