రోజుకో పాఠం, చూపులో మార్పు: అపోహలు – వాస్తవాలు

‘ఎ కోర్స్ ఇన్ మిరకిల్స్’ అనే ఆధ్యాత్మిక గ్రంథంలోని అభ్యాస పుస్తకంలో 365 పాఠాలుంటాయి. రోజుకు ఒకటికి మించి చేయకూడదు. మొదటి 220 పాఠాలు మనం లోకాన్ని చూసే అలవాటైన చూపును వదిలించడానికి, మిగతావి సరైన చూపును అలవరచడానికి. నేను ఈ సాధన చేస్తూ, కొత్తవాళ్లతో కలిసి చదువుతుంటాను. వాళ్లకు తరచూ వచ్చే అనుమానాలే ఇవి.

అపోహ: మతం మారాలి.
ఇందులో భాష క్రైస్తవానిదే. కానీ చేరాల్సిన చర్చి లేదు, బాప్తిస్మం లేదు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో సైకాలజిస్టుగా పనిచేసిన హెలెన్ షుక్‌మన్, తనకు లోపల వినిపించిన మాటలను 1965 నుంచి 1972 వరకు రాసుకున్నానని చెప్పారు. సహోద్యోగి విలియం థెట్‌ఫర్డ్ టైపు చేశారు. అలా తయారైన పుస్తకం 1976లో వచ్చింది. తాడును చూసి పామనుకోవడం గురించి వేదాంతంలో విన్నవాళ్లకు మొదటి పాఠాలు మరీ కొత్తగా అనిపించవు.

అపోహ: నమ్మకం కుదిరాకే మొదలుపెట్టాలి.
నమ్మక్కర్లేదు, నచ్చక్కర్లేదు, మనసు ఎదురు తిరిగినా చేసి చూడండి అని పుస్తకమే చెబుతుంది. మొదటి పాఠం చాలా చిన్నది. బల్ల, కుర్చీ, చెయ్యి, తలుపు ఒక్కొక్కటీ చూస్తూ, ‘దీనికంటూ ఏ అర్థమూ లేదు’ అనుకోవాలి. ఉదయం, సాయంత్రం ఒక్కో నిమిషం చాలు. దేవుడి పటం దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. కంటికి కనిపించిన అన్నిటినీ చెప్పుకోవాల్సిన పని లేదు, కానీ ఏదీ కావాలని వదిలేయకూడదు.

అపోహ: చూపు మార్చుకోవడమంటే బాధను మింగి, అంతా మన మంచికే అనుకోవడం.
ఎక్కువ నష్టం చేసేది ఇదే. మన బాధకు కారణం మనం అనుకుంటున్నది కాదంటుంది 5వ పాఠం. మేనేజరు మెసేజ్‌కి జవాబివ్వలేదు, టెన్షన్ మొదలైంది. జరిగింది జవాబు రాకపోవడం ఒక్కటే. ‘నన్ను లెక్కచేయడం లేదు, ఉద్యోగం పోతుంది’ అన్నవి మనం చేర్చుకున్నవి. ఆ చేర్చుకున్నవాటిని పట్టుకోవడమే సాధన. అందుకు కోపాన్ని కోపమని, భయాన్ని భయమని ఒప్పుకోవాలి. దాచేస్తే పాఠం జరగనట్టే. చిన్న చిరాకు, పెద్ద కోపం అనే తేడా చూడొద్దని పుస్తకం అంటుంది. దీనిమీద కొత్తవాళ్లు గట్టిగా వాదిస్తారు. చిన్న చిరాకులతో మొదలుపెట్టమని నేను చెబుతుంటాను, వాటితోనే పట్టు దొరుకుతుంది.

ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి ‘నీ చూపు మార్చుకో’ అని చెప్పడానికి మాత్రం ఈ పాఠాలను వాడకండి. ఈ పాఠాల్లో తరచూ వచ్చే క్షమించడమంటే పగ వదలడమే కానీ, ఆ ఇంట్లోనే పడి ఉండటం కాదు. బయటికి వచ్చేసి, కేసు పెట్టి కూడా క్షమించవచ్చు. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తితో ఉన్నవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందులు మానేసి పాఠాలు చేయమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటికి రావాలి.
లేదు. తప్పిపోయిన సాధనను సాకుగా చేసుకుని మానేయొద్దని 95వ పాఠంలోనే ఉంది. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే చేయండి.