అపోహలు – వాస్తవాలు: డయాలిసిస్ మధ్యలో ఊరికి వెళ్ళిపోయే రోగికి ప్రాణం మీద తీపి లేదా?

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో మూత్రపిండాల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడికి కొత్తగా ఉద్యోగానికి వచ్చే మన తెలుగు నర్సులూ యువ వైద్యులూ కొద్ది రోజులకే నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. వారానికి మూడుసార్లు యంత్రం మీద కూర్చోకపోతే ఒంట్లో నీరు చేరి, పొటాషియం పెరిగి, గుండె ఆగిపోయే ప్రమాదముందని తెలిసి కూడా ఈ అబొరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) రోగులు చెప్పకుండా ఊరికి ఎందుకు వెళ్ళిపోతారన్నదే ఆ ప్రశ్న. అడిగేవారిలో కొందరిది నిజమైన ఆందోళన. వారి మీద నాకు సానుభూతి ఉంది. "వాళ్ళంతే, వాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉండదు" అని క్యాంటీన్‌లో విన్న మాటను మరొకరికి అంటించేవారి మీద మాత్రం నాకు ఓపిక లేదు.

ఈ అపోహ రోగికి చేసే నష్టం చిన్నది కాదు. "మాట వినని రోగి" అని ఒకసారి కేసు ఫైలులో రాస్తే, ఆ తర్వాత డ్యూటీకి వచ్చే ప్రతివారూ ఆ కళ్ళతోనే చూస్తారు. మూత్రపిండ మార్పిడికి రోగిని పరిశీలించేటప్పుడు చికిత్స క్రమం తప్పకుండా తీసుకుంటున్నారా అన్నది కూడా చూస్తారు కనుక, ఆ రెండు మాటలు మార్పిడి అవకాశానికే అడ్డుపడవచ్చు. తనను తప్పుపట్టే చోటికి తిరిగి రావడానికి ఎవరికైనా మనసొప్పదు. అలా ఆలస్యమైన ప్రతి రోజూ ప్రాణానికి ముప్పే.

వాస్తవానికి ఆ రోగి వెళ్ళేది బాధ్యత తప్పించుకోవడానికి కాదు, బాధ్యత నెరవేర్చడానికే. పడమటి ఎడారికి చెందిన పింటుపి ప్రజల కుటుంబ వ్యవస్థ మన తెలుగువారికి అర్థం కానంత దూరమైనదేమీ కాదు. తల్లి అక్కచెల్లెళ్ళందరూ తల్లుల వరస, తండ్రి అన్నదమ్ములందరూ తండ్రుల వరస. మేనమామ, మేనత్తల పిల్లలది వేరే వరస. ఆ పైన సమాజమంతా ఎనిమిది విభాగాలుగా ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరిని పెళ్ళాడవచ్చో, అంత్యక్రియల్లో ఎవరు ఏ పని చేయాలో ఆ విభాగాలే నిర్ణయిస్తాయి. పెద్దమ్మను, పిన్నిని, పెదనాన్నను అమ్మానాన్నల స్థానంలో చూస్తూ పెరిగిన మనం కూడా ఇక్కడి దరఖాస్తు ఫారాల్లోని "దగ్గరి బంధువు" అనే ఒక్క గడికి లోబడిపోయి, మిగిలిన వారందరినీ దూరపు చుట్టాల కింద జమకట్టడం నాకు వింతగా తోస్తుంది.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఆమె చెల్లెలి కూతురు చనిపోయింది. చెల్లెలి కూతురి అంత్యక్రియలకు వెళ్ళిందనీ, వద్దన్నా వినలేదనీ ఫైలులో నమోదైంది. ఆమె వరుసలో అది కన్నకూతురి చావు. ఇక్కడి జనం "సారీ బిజినెస్" అని పిలిచే ఆ సంతాప కార్యక్రమాలకు తల్లి రాకపోతే బంధువుల ముందు అది తీరని తప్పు. ఆమె రెండు విడతల డయాలిసిస్ పోగొట్టుకుని, ఊపిరాడని స్థితిలో తిరిగి వచ్చింది, అదృష్టవశాత్తూ బతికింది. బయలుదేరే ముందు రోజు ఒక విడత చేసి, ఆ ఊళ్ళోనో దారిలోనో యంత్రం ఖాళీ ఉందేమో కనుక్కుని, రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో ఆమె భాషలో చెప్పించి ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పేది. అవేవీ ఎవరూ చేయలేదు, ఎందుకంటే ఆమె వెళ్ళడమే తప్పని అందరూ ముందుగానే తీర్మానించుకున్నారు.

ఇక భూమి విషయం. పింటుపి మనిషికి సొంత నేల అంటే అమ్ముకోవడానికీ పంచుకోవడానికీ వీలున్న ఆస్తి కాదు. తాను తల్లి కడుపున పడిన చోటు, పుట్టిన చోటు, తల్లిదండ్రుల, తాతముత్తాతల చోట్లు, ఆత్మీయులు కన్నుమూసిన చోటు, వీటన్నిటితో అతనికి సంబంధం ఉంటుంది. పూర్వీకులు ఆ నేల మీద నడిచి నీటిగుంటలనూ కొండలనూ ఏర్పరచిన గాథలను పాటగా, క్రతువుగా, చిత్రంగా నిలిపి పిల్లలకు అప్పగించవలసిన బాధ్యత పెద్దలది. ఆ పెద్దలను వందల కిలోమీటర్ల దూరంలోని పట్టణంలో యంత్రానికి కట్టిపడేస్తే నష్టపోయేది రోగి ఒక్కరే కాదు. ఆ పాట నేర్చుకోవలసిన మనవలు కూడా.

ఈ మాట అన్నది నేను కాదు, వారే అన్నారు, అనడంతో ఆగలేదు కూడా. ఎడారి నుంచి పపున్యా అనే ప్రభుత్వ ఆవాసానికి చేరిన పింటుపి కుటుంబాలు 1981లో కింటోర్‌కు, అంటే సొంత నేలకు తిరిగి వెళ్ళి ఊరు కట్టుకున్నాయి. మూత్రపిండాల జబ్బు వచ్చిన పెద్దలు మాత్రం 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు మళ్ళీ వలస రావలసి వచ్చింది. అప్పుడు కింటోర్, మరో పింటుపి ఊరైన కివిర్‌కురా చిత్రకారులు కలిసి పెద్ద చిత్రాలు గీశారు. 2000 నవంబరులో సిడ్నీలో జరిగిన వేలంలో పది లక్షల డాలర్లకు పైగా సమకూరింది. ఆ డబ్బుతో మొదలైన సంస్థనే నేడు అందరూ పర్పుల్ హౌస్ అంటారు. 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ ప్రారంభమైంది. తర్వాత మరెన్నో మారుమూల ఊళ్ళకు విస్తరించింది, ఊరూరా తిరిగే డయాలిసిస్ ట్రక్కు కూడా వచ్చింది. మారుమూల ప్రాంతాల డయాలిసిస్‌కు 2018 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చెల్లిస్తోంది. ఆరోగ్యం మీద శ్రద్ధ లేనివారు చేసే పనులా ఇవి?

కాబట్టి కొత్తగా వచ్చేవారు "ఎందుకు వెళ్తారు" అని కాక "ఎప్పుడు వెళ్తారు, ఎవరి దగ్గరికి, ఎన్నాళ్ళు" అని అడగడం అలవాటు చేసుకోవాలి. అడిగేది మీరే కానక్కరలేదు. ఆసుపత్రికీ రోగి కుటుంబానికీ మధ్య వారధిగా ఉండే అబొరిజినల్ లైజాన్ ఆఫీసరును, దుబాసీని పిలవండి. అల్లుడూ అత్తగారూ ఎదురుపడకూడదన్న కట్టుబాటు ఉంది కనుక వారిద్దరికీ పక్కపక్క కుర్చీలు వేయకండి. ఆ ఒక్క కారణంతో కూడా రోగి లేచి వెళ్ళిపోవచ్చు. చనిపోయినవారి పేరు పైకి పలకకండి, వారి ఫొటో ఎవరికీ పంపకండి.

మిగిలిన అపోహలను క్లుప్తంగా ముగిస్తాను. అబొరిజినల్ ప్రజలంతా ఒకే జాతి, ఒకే భాష అన్నది తప్పు. ఆంగ్లేయులు వచ్చేనాటికి ఈ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. వరసలు కలిశాయి కనుక వారు మన ద్రావిడ బంధువులేనని వాట్సాప్‌లో తిప్పడం కూడా తగదు. వరసల పోలిక ఒక్కటే రక్తసంబంధానికి రుజువు కాదు. నేటివ్ టైటిల్ (సొంత నేల మీద ఆదివాసులకు చట్టం గుర్తించే హక్కు) కింద మన ఇల్లు లాక్కుంటారేమో అని మెల్‌బోర్న్ నుంచి భయంగా ఫోన్ చేసేవారికి నా జవాబు ఇది: ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం 1992లో ఇచ్చిన మాబో తీర్పు ఈ ఖండం ఎవరికీ చెందని నేల అన్న వాదనను కొట్టివేసింది, కానీ ఫ్రీహోల్డ్‌గా, అంటే పూర్తి సొంత హక్కుతో ఇచ్చిన భూమి మీద నేటివ్ టైటిల్ నిలవదు. మీ ఇంటికి వచ్చిన ముప్పేమీ లేదు. సెలవుల్లో ఇక్కడికి వచ్చి కింటోర్ చూసి వెళ్దామనుకునేవారు మాత్రం అది అబొరిజినల్ భూమి అని గుర్తుంచుకుని, ఇక్కడి అబొరిజినల్ భూముల వ్యవహారాలు చూసే సెంట్రల్ లాండ్ కౌన్సిల్ నుంచి ముందుగా అనుమతి తీసుకుని బయలుదేరండి.