విదేశీ డబ్బు మీద అనుమానం: సీపీఆర్ గొడవ వెనక ఉన్న పాత కథ

2022 సెప్టెంబర్ 7న ఆదాయపు పన్ను అధికారులు ఢిల్లీ చాణక్యపురిలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ (సీపీఆర్) అనే పరిశోధనా సంస్థ ఆఫీసుకు వచ్చారు. అదే రోజు ఆక్స్‌ఫామ్ ఇండియాకూ, వార్తా వెబ్‌సైట్లకు ఆర్థిక సాయం చేసే బెంగళూరు ట్రస్టు ఒకదానికీ వెళ్ళారు. శాఖ లెక్కలో అది ‘సర్వే’. సర్వే అంటే పని జరిగే చోటికి వచ్చి లెక్కల పుస్తకాలు చూసుకోవడం. ఇళ్ళు, లాకర్లు గాలించే ‘సోదా’ వేరు. టీవీ తెర మీదకు వచ్చేసరికి ఆ తేడా ఎగిరిపోయింది, అన్నీ ‘రెయిడ్లే’ అయ్యాయి.

ఆ తర్వాత ఆరోపణలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విదేశీ డబ్బుతో దేశాభివృద్ధికి అడ్డం పడుతున్నారని ఒకరు, ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అడవుల్లో బొగ్గు తవ్వకాలకు వ్యతిరేకంగా జరుగుతున్న ఉద్యమంతో సంబంధం ఉందని ఇంకొకరు. ఈ రెండోది పన్ను శాఖ నోటీసులో ఉన్న మాటగానే పత్రికల్లో వచ్చింది. అప్పటి అధ్యక్షురాలు యామినీ అయ్యర్ కాంగ్రెస్ నాయకుడు మణిశంకర్ అయ్యర్ కూతురు కావడం చర్చలు నడిపేవాళ్ళకు ఇంకా కలిసొచ్చింది. తాము చట్టం దాటలేదని, అధికారులకు పూర్తిగా సహకరిస్తున్నామని సంస్థ చెప్పింది. 2023 ఫిబ్రవరి 27న కేంద్ర హోం శాఖ ఆ సంస్థ విదేశీ విరాళాల లైసెన్సును 180 రోజులు సస్పెండ్ చేసింది, తర్వాత గడువు పొడిగించింది, 2024 జనవరిలో పూర్తిగా రద్దు చేసింది. మధ్యలో పన్ను మినహాయింపు కూడా పోయింది. సంస్థ ఆదాయంలో నాలుగింట మూడొంతులు విదేశీ గ్రాంట్లే కాబట్టి జీతాలకు డబ్బుల్లేక పరిశోధకుల్లో ఎక్కువ మంది వెళ్ళిపోయారు.

ఇంతకీ అక్కడ ఏం చేసేవారు? వి.ఎ. పాయ్ పణందీకర్ 1973లో పెట్టిన సంస్థ ఇది. కేంద్ర ప్రభుత్వ సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి, అంటే ఐసీఎస్ఎస్ఆర్, గుర్తింపు ఉంది. నదీ జలాల మీద బి.జి. వర్గీస్ పని చేసింది ఇక్కడి నుంచే. చైనా విషయంలో గట్టిగా మాట్లాడే బ్రహ్మ చెల్లానీ ఇక్కడ ప్రొఫెసర్‌గా పనిచేసినవారే. 2017లో ప్రధాని ఆర్థిక సలహా మండలికి ఛైర్మన్ అయిన బిబేక్ దేబ్రాయ్ అంతకు ముందు చాలా ఏళ్ళు ఇక్కడే ఉన్నారు. కాబట్టి ‘ఒకే భావజాలం గూడు’ అన్న మాట నాకు అతకదు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, ప్రభుత్వ బడులకు వచ్చే గ్రాంటు ఎప్పుడు వస్తోంది, ఎంత వస్తోంది, దేనికి ఖర్చవుతోందని ఈ సంస్థలోని అకౌంటబిలిటీ ఇనీషియేటివ్ బృందం దేశంలో కొన్ని జిల్లాల్లో బడి బడికీ వెళ్ళి లెక్క తీసింది. ఆ జిల్లాల్లో ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ ఒకటి. హెడ్మాస్టర్ చేతికి సున్నం డబ్బులు ఏ నెలలో అందాయన్నది విదేశీ కుట్ర అని ఎవరూ అనరనుకుంటాను.

అయితే ఈ అనుమానం నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఊరికే పుట్టిందీ కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విదేశీ ఫౌండేషన్లను మనమే పిలిచాం. అమెరికాకు చెందిన ఫోర్డ్ ఫౌండేషన్ నెహ్రూ ఆహ్వానం మీద వచ్చి 1952లో ఢిల్లీలో ఆఫీసు తెరిచింది. దాని ప్రతినిధి డగ్లస్ ఎన్స్‌మింజర్ 1951 నుంచి 1970 దాకా ఇక్కడే ఉన్నాడు. మంత్రుల గదుల్లోకి నేరుగా వెళ్ళగలిగే మనిషి. హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నిలబడటంలో ఫోర్డ్ చెయ్యి ఉంది. పశ్చిమ గోదావరి రైతులకు ఆ డబ్బు ఇంకో పేరుతో తెలుసు. 1960ల మొదట్లో ఫోర్డ్ నిపుణుల సూచనతో దేశంలో ఏడు జిల్లాల్లో సాంద్ర వ్యవసాయ పథకం మొదలైంది. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ కట్టగట్టి ఇవ్వడమే దాని పద్ధతి, అందుకే అందరూ ‘ప్యాకేజీ ప్రోగ్రాం’ అనేవారు. లూథియానా, తంజావూరుతో పాటు పశ్చిమ గోదావరి ఆ ఏడింటిలో ఒకటి. ఎరువు బస్తా వెనక అమెరికా ఉందని అప్పట్లో కమ్యూనిస్టులు తప్ప పెద్దగా ఎవరూ గొడవ పెట్టుకోలేదు.

గాలి తిరిగింది 1966, 67 సంవత్సరాల్లో. 1966 మార్చిలో ఇందిరా గాంధీ అమెరికా వెళ్ళినప్పుడు, పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద అమెరికా పంపిన గోధుమలకు మనం కట్టిన రూపాయలతో ఒక భారత-అమెరికా విద్యా ఫౌండేషన్ పెడదామని అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించాడు. మన విశ్వవిద్యాలయాలను అమెరికా చేతుల్లో పెడతారా అని ఇక్కడ అధ్యాపకులు, వామపక్షాలు లేచాయి. ఆ ప్రతిపాదన అక్కడే ఆగింది. అదే ఏడు ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ ఒక సంగతి బయటపెట్టింది: 1950లో బెర్లిన్‌లో పుట్టి ప్రపంచమంతా మేధావుల సభలు, పత్రికలు నడిపిస్తున్న కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్‌కు సీఐఏ డబ్బు అందుతోందని. 1967లో అమెరికా పత్రిక రాంపార్ట్స్ కథనాలతో మిగతా గుట్టు కూడా రట్టయింది. మధ్యలో ఉత్తుత్తి ఫౌండేషన్లు పెట్టి వాటి గుండా డబ్బు పంపేవారు.

మన దేశంలో ఆ సంస్థకు శాఖ ఉంది. 1951లో బొంబాయిలో మొదలైంది, మీనూ మసానీ దాని వెనక ముఖ్యుడు. అది నడిపిన ‘క్వెస్ట్’ పత్రికకు మొదటి సంపాదకుడు కవి నిస్సిం ఎజెకియెల్. అందులో రాసినవాళ్ళు సీఐఏ చెప్పినట్టు రాశారని అనడం అన్యాయం. చాలా మందికి డబ్బు ఎక్కడిదో తెలియదు, తెలిసినా రాసేది మారేది కాదేమో. కానీ జరిగిన నష్టం జరిగింది. ‘విదేశీ డబ్బా? సీఐఏ అయి ఉంటుంది’ అన్న మాటకు ఒక రుజువు దొరికింది. ఒక్క నిజం వంద అబద్ధాలకు పూచీ అవుతుంది. సీఐఏ డబ్బు అందుకున్నట్టు తేలిన ఇంకో సంస్థ ఆసియా ఫౌండేషన్‌ను 1968లో ఇక్కడి నుంచి పంపేశారు.

పార్లమెంటులో టెన్షన్ మొదలైంది మాత్రం మేధావుల గురించి కాదు, ఎన్నికల గురించి. 1967 ఎన్నికల్లో పార్టీలకు విదేశీ డబ్బు అందిందన్న గొడవ సభను కుదిపేసింది. ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) విచారణ జరిపింది, హోం మంత్రి వై.బి. చవాన్ జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. అమెరికా డబ్బంటే కుడివైపు వాళ్ళను, సోవియట్ డబ్బంటే ఎడమవైపు వాళ్ళను అందరూ చూసేవారు. ఇక ఇందిర నోట ‘విదేశీ హస్తం’ ఊతపదమైంది. స్వతంత్ర పార్టీ ఎంపీ పీలూ మోదీ విసిగిపోయి, ‘నేను సీఐఏ ఏజెంటును’ అని బిళ్ళ తగిలించుకుని పార్లమెంటుకు వచ్చాడు. తమాషా ఏమిటంటే, సీఐఏ రెండుసార్లు కాంగ్రెస్ పార్టీకే డబ్బిచ్చిందని, అందులో ఒకసారి ఇందిర చేతికే ఇచ్చిందని ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన మోయ్నిహన్ 1978లో రాశాడు. ఆమె కాదంది.

ఎమర్జెన్సీ నడుస్తుండగా 1976లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) వచ్చింది. ఆగస్టు 5 నుంచి అమలు. ఎవరెవరు విదేశీ డబ్బు ముట్టుకోకూడదో ఆ జాబితా చదివితే అప్పటి ప్రభుత్వం దేనికి భయపడిందో తెలుస్తుంది: ఎన్నికల అభ్యర్థులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, పార్టీలు, జడ్జీలు, ప్రభుత్వోద్యోగులు. వాళ్ళతో పాటు పత్రికల సంపాదకులు, విలేకరులు, కాలమిస్టులు. ఆఖరికి కార్టూనిస్టులు కూడా. స్వచ్ఛంద సంస్థలు అప్పటికి లెక్క చెబితే చాలు. ముందుగా రిజిస్టర్ చేయించుకోవాలన్న షరతు 1980ల మధ్యలో వచ్చింది. అది రావడానికి ముందు ఒక కమిషన్ ఉంది. జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి నడిచిన గాంధీ పీస్ ఫౌండేషన్, సర్వసేవా సంఘ్ వంటి సంస్థల మీద ఇందిర మళ్ళీ గద్దెనెక్కాక 1982లో జస్టిస్ కుదాల్ కమిషన్‌ను వేసింది. ఖద్దరు కట్టుకునే ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి కమిషన్ ముందుకు రసీదులు మోసుకెళ్ళారు.

ఇది ఒక్క పార్టీ అలవాటు కాదని చెప్పడానికి 2012 చాలు. కూడంకుళం అణు కేంద్రానికి వ్యతిరేకంగా మత్స్యకారులు రోడ్డెక్కినప్పుడు, దాని వెనక అమెరికా నుంచి వచ్చే ఎన్జీవోలు ఉన్నాయని అన్నది మన్మోహన్ సింగ్, అదీ ఒక సైన్స్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో. 2010లో పాత చట్టాన్ని తీసేసి మరింత గట్టి చట్టం తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే. 2014 జూన్‌లో, ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే, ఒక ఐబీ నివేదిక పత్రికలకు చేరింది. ఎన్జీవోల ఆందోళనల వల్ల దేశ ఆర్థిక వృద్ధి ఏటా 2 నుంచి 3 శాతం తగ్గుతోందని అందులో ఉంది. ఆ అంకె ఎలా కట్టారో అడిగే తీరిక టీవీ చర్చల్లో ఎవరికీ లేకపోయింది. 2015 ఏప్రిల్‌లో గ్రీన్‌పీస్ లైసెన్సు సస్పెండ్ అయింది, ఒకప్పుడు నెహ్రూ పిలిచిన ఫోర్డ్ ఫౌండేషన్ నిఘా జాబితాకెక్కింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది వేరే కేసు. పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చి పోయింది. విశాఖపట్నంలో ఉండే రిటైర్డ్ ఐఏఎస్ అధికారి, కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ, ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ అనే సంస్థ కలిసి ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. లండన్‌లోని వేదాంత కంపెనీ చేతిలో ఉన్న స్టెరిలైట్, సేసా కంపెనీలు కాంగ్రెస్‌కూ బీజేపీకీ విరాళాలు ఇచ్చాయని, 1976 చట్టం ప్రకారం అది విదేశీ డబ్బేనని వాళ్ళ వాదన. 2014 మార్చి 28న హైకోర్టు అవునంది. రెండు పార్టీలూ చట్టాన్ని మీరినట్టే ఉందని, ఆరు నెలల్లో చర్య తీసుకోవాలని చెప్పింది. పార్టీలు సుప్రీంకోర్టుకు పోయాయి.

చర్య రాలేదు, సవరణ వచ్చింది. 2016 ఆర్థిక బిల్లులో ‘విదేశీ మూలం’ అన్న మాటకు అర్థం మార్చారు. పెట్టుబడి పరిమితికి లోబడి ఉంటే విదేశీ యాజమాన్యం ఉన్న కంపెనీ కూడా ఇక విదేశీ కాదు. మార్పు 2010 నుంచి వర్తిస్తుందన్నారు. తీరా చూస్తే కేసులో ఉన్న విరాళాలు అంతకన్నా పాతవి, అవి పాత చట్టం కింద పట్టుబడ్డాయి. దాంతో 2018 ఆర్థిక బిల్లులో తేదీని ఇంకా వెనక్కి జరిపారు, 1976 ఆగస్టు 5 దాకా. అంటే చట్టం పుట్టిన రోజు దాకా. నలభై రెండేళ్ళ వెనకటి తప్పు కూడా తప్పు కాకుండా పోయింది. ఆ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే గడిచింది. ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్‌కు ఈ ఒక్క సెక్షన్‌తో పేచీ ఎందుకుంటుంది?

ఎన్జీవోలకు మాత్రం తాడు బిగిసింది. 2020 సవరణతో విదేశీ డబ్బులో ఆఫీసు ఖర్చులకు వాడుకోగలిగేది 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ తన గ్రాంటులో కొంత మరో చిన్న సంస్థకు ఇవ్వడం నిషేధం. డబ్బు ఏ దేశం నుంచి వచ్చినా, సంస్థ ఆదిలాబాద్‌లో ఉన్నా అనంతపురంలో ఉన్నా, ముందు ఢిల్లీ ఎస్బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది. విదేశీ విరాళం అందుకోవడం ఎవరికీ పుట్టుకతో వచ్చిన హక్కు కాదంది. పరిశోధనా సంస్థకు ఆఫీసు ఖర్చు ఏది, పరిశోధన ఖర్చు ఏది అన్న చిక్కు ఎప్పుడూ ఉంటుంది. అక్కడ పనిముట్టు మనిషే, పెద్ద ఖర్చూ అతని జీతమే.

ఇలాంటి గొడవ మనకే అనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని పేరున్న థింక్ ట్యాంకులకు, అంటే ఇలాంటి విధాన పరిశోధనా సంస్థలకు, విదేశీ ప్రభుత్వాలు డబ్బిచ్చి పలుకుబడి కొనుక్కుంటున్నాయని న్యూయార్క్ టైమ్స్ 2014లో పెద్ద కథనం వేసింది, నార్వే ఒప్పందాలతో సహా. దాంతో డబ్బు ఎవరిచ్చారో బయటపెట్టాలన్న ఒత్తిడి అక్కడ పెరిగింది. మన దగ్గర ఆ వివరాలు దాచేది కూడా ఏమీ లేదు. ఎఫ్‌సీఆర్ఏ లైసెన్సు ఉన్న సంస్థ ఎవరి దగ్గర ఎంత తీసుకుందో హోం శాఖకు లెక్క పంపాల్సిందే. సీపీఆర్‌కు గేట్స్, హ్యూలెట్, ఫోర్డ్ ఫౌండేషన్ల నుంచి డబ్బు వచ్చేదన్నది ఏ విలేకరీ తవ్వి తీసిన రహస్యం కాదు. ఇంటి గుమ్మం మీద రాసి ఉన్న పేరును ‘కనిపెట్టాం’ అన్నట్టుంది.

ఆరోపణకు ఉండే వేగం జవాబుకు ఉండదు. భారత్‌లో ఓటింగ్ పెంచడానికి ఇస్తున్న 2.1 కోట్ల డాలర్లు ఆపేశామని 2025 ఫిబ్రవరి 16న అమెరికా ప్రభుత్వ పొదుపు విభాగం ప్రకటించింది. ట్రంప్ దాన్ని సభల్లో పదేపదే చెప్పాడు. ఇక్కడ వారం పాటు టీవీల్లో అదే కచేరీ, ఆ డబ్బు ఎవరు తిన్నారని. ఆ గ్రాంటు భారత్‌కు కాదు, బంగ్లాదేశ్‌కని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కాగితాలు చూసి రాసింది. ఆ డబ్బు భారత్‌కు రానేలేదని అమెరికా ఎంబసీ చెప్పిన సంగతిని విదేశాంగ శాఖ అదే ఏడు ఆగస్టులో రాజ్యసభకు రాతపూర్వకంగా తెలిపింది. ఆ జవాబు మీద ఎన్ని ప్యానెల్ చర్చలు జరిగాయో మీరే గుర్తు చేసుకోండి.

సీపీఆర్ లైసెన్సు రద్దుకు హోం శాఖ చూపిన కారణాల్లో ఒకటి హస్‌దేవ్ అడవి కన్నా వింతగా ఉంటుంది. విదేశీ డబ్బుతో ‘వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు’ ప్రచురించారని. 2010 చట్టంలో ఆ నిషేధం ఉంది, వార్తా ఛానెళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది. బడ్జెట్ మీద, గాలి కాలుష్యం మీద, బడుల గ్రాంట్ల మీద నివేదికలు రాసి వెబ్‌సైట్‌లో పెట్టడం పరిశోధనా సంస్థ అసలు పని కదా, అది వార్తా కార్యక్రమం ఎలా అవుతుందన్నది సీపీఆర్ జవాబు. రద్దు ఉత్తర్వు వచ్చిన రెండు నెలలకు, 2024 మార్చిలో, యామినీ అయ్యర్ పదవి వదిలేశారు.