మృదు పగడాల గుర్తింపులో స్క్లిరైట్లు: 1855 నుంచి నేటి దాకా

మృదు పగడాల కుటుంబాలను 2022లో కొత్తగా పునర్విభజించిన తరువాత ఒక పాత ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చింది. ఈ జీవుల కండలో ఇమిడి ఉండే సూక్ష్మమైన సున్నపు రేణువులను చూసి అవి ఏ జాతివో ఎంతవరకు చెప్పగలం? స్క్లిరైట్లు అనే ఈ రేణువులే నూట అరవై ఏళ్ళకు పైగా ప్రధాన సాక్ష్యంగా చెల్లుబాటయ్యాయి. వాటికి ఆ స్థానం ఎలా దక్కిందో, ఎక్కడ సడలిందో చూస్తే నేటి చర్చ స్పష్టమవుతుంది.

రాతి పగడం చనిపోయినా దాని అస్థిపంజరం మిగులుతుంది, చాలావరకు గుర్తింపుకు అది చాలు. మృదు పగడానికి ఆ వెసులుబాటు లేదు. ఎనిమిదేసి స్పర్శకాలున్న పాలిప్‌లు అనే చిన్న జీవులు ఒకే కండముద్దలో, అంటే ఒక కాలనీగా, కలిసి బతుకుతాయి. నీరు నింపుకున్నప్పుడు ఉబ్బి, తాకగానే కుంచించుకుపోయే ఆ ముద్దకు నికరమైన ఆకారం అంటూ ఉండదు. సీసాలో భద్రపరిస్తే రంగు పోతుంది, ముడతలు పడుతుంది. అందుకే 18వ శతాబ్దపు వర్ణనలు చదివి ఈనాడు ఒక జాతిని పోల్చుకోవడం దాదాపు అసాధ్యం. లిన్నేయస్ 1758లో నమోదు చేసిన ఆల్సియోనియం ప్రజాతి కిందికి ఆ తరువాత సంబంధం లేని ఎన్నో జీవులు వచ్చి చేరాయి.

ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు అషిల్ వాలెన్సియెన్స్ 1855లో స్క్లిరైట్లను వర్గీకరణకు ఆధారంగా తీసుకోవచ్చని ప్రతిపాదించాడు. ఆయన పరిశీలించింది మృదు పగడాలకు దగ్గరి బంధువులైన సముద్రపు విసనకర్రల వర్గాన్ని. పదేళ్ళ తరువాత ఆల్బర్ట్ ఫాన్ కోలికర్ వాటి కణజాలాన్ని మరింత లోతుగా అధ్యయనం చేయడంతో ఆ పద్ధతికి బలం చేకూరింది. మెత్తని భాగం ఎంత చెడినా కాల్సైట్‌తో ఏర్పడిన రేణువు నిలిచి ఉంటుందన్నది ఇందులోని ఆకర్షణ. నిజానికి అది అత్యుత్తమ లక్షణమని తేలినందువల్ల కాదు, చేతికి మిగిలిన లక్షణం అదొక్కటే కావడం వల్ల ఇంత ప్రాధాన్యం వచ్చిందని చెప్పడమే న్యాయం.

రేణువులను వేరుచేసే పని నేటికీ పెద్దగా మారలేదు. గోరంత కండముక్కను గాజుపలక మీద పెట్టి సోడియం హైపోక్లోరైట్, అంటే మామూలు బ్లీచ్ ద్రావణం, చుక్కలుగా వేస్తారు. నురగ కట్టి కండ కరిగిపోయాక అడుగున తెల్లని ఇసుక లాంటి మడ్డి మిగులుతుంది. దాన్ని పలుమార్లు నీటితో కడిగి ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తే కదురు ఆకారంలో రెండు కొనలూ సన్నబడినవి, గదల్లా ఒక చివర లావెక్కినవి, కడ్డీలు, పలకలు, ఒంటినిండా బుడిపెలున్న పీపాలు కనిపిస్తాయి. ఎక్కువ భాగం మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే ఉంటాయి. సైన్యులేరియా ప్రజాతి లోపలి కదుళ్ళు మాత్రం కొన్ని మిల్లీమీటర్ల పొడవు పెరిగి కంటికే ఆనతాయి.

అయితే ముక్కను ఎక్కడి నుంచి కోశారన్నదే అసలు కీలకం. ఒకే కాలనీలో పాలిప్‌లోని రేణువు ఒక తీరు, తమ్మె (పైకి పొడుచుకొచ్చిన భాగం) పైపొరలోది మరో తీరు, కాడ అడుగున లోపల ఉండేది ఇంకో తీరు. ఛాలెంజర్ నౌక సేకరించిన నమూనాలపై రైట్, స్టూడర్ 1889లో వెలువరించిన నివేదిక, హిందూ మహాసముద్రంలో ఇన్వెస్టిగేటర్ నౌక సేకరణపై థామ్సన్, హెండర్సన్ 1906లో ప్రచురించిన గ్రంథం వంటివి ఎన్నో కొత్త జాతులను పరిచయం చేశాయి. కానీ ఆ కాలపు వర్ణనల్లో పలుచోట్ల చేత్తో గీసిన నాలుగైదు రేణువుల బొమ్మలే ఉండేవి, అవి ఏ భాగానివో రాయకపోవడమూ కద్దు. ఫలితంగా ఒకే జీవికి పలు పేర్లు, పలు జీవులకు ఒకే పేరు ఏర్పడ్డాయి.

ఆ చిక్కుముడిని విప్పడానికి డచ్ శాస్త్రజ్ఞుడు యాకబ్ వెర్సెవెల్ట్ మ్యూజియంలలోని మూల నమూనాలను, అంటే జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిని, మళ్ళీ పరిశీలించి, 1980 నుంచి 1983 మధ్య సైన్యులేరియా, సార్కోఫైటాన్, లోబోఫైటమ్ ప్రజాతులను ఒక్కొక్కటిగా సవరించాడు. ఫ్రెడరిక్ బేయర్, మాన్‌ఫ్రెడ్ గ్రాస్‌హాఫ్‌లతో కలిసి ఆయన 1983లో తెచ్చిన మూడు భాషల సచిత్ర పదకోశం రేణువుల ఆకారాలకు స్థిరమైన పేర్లు ఇచ్చింది. ఈలోగా స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వాడకంలోకి రావడంతో, బుడిపెల అమరిక వంటి సూక్ష్మ వివరాలు ఫోటోలుగా అచ్చులోకి ఎక్కాయి.

స్పష్టత పెరిగినకొద్దీ సందేహమూ పెరిగింది. కరీబియన్ సముద్రంలో బ్రియారియం ఆస్బెస్టినమ్ కాలనీలను ఒక లోతు నుంచి మరో లోతుకు మార్చి నాటినప్పుడు వాటి స్క్లిరైట్లు కూడా మారాయి. అంటే జాతిభేదం అనుకున్నది కొన్నిచోట్ల పరిసరాల ప్రభావమే కావచ్చు. దీనికి పూర్తిగా భిన్నమైన ఇబ్బంది సార్కోఫైటాన్ గ్లాకమ్ విషయంలో ఎదురైంది. పుట్టగొడుగు రూపంలో ఉండే ఈ ప్రసిద్ధ జాతి జన్యుపరంగా అనేక వేర్వేరు శాఖల కలగలుపని 2006లో కేథరిన్ మెక్‌ఫాడెన్ బృందం చూపింది. సార్కోఫైటాన్‌కూ లోబోఫైటమ్‌కూ మధ్య గీసిన గీత సైతం అక్కడక్కడ చెరిగిపోయింది.

డీఎన్‌ఏ వచ్చి అంతా తేల్చేసిందనుకుంటే అదీ తొందరపాటే. ఈ జీవుల మైటోకాండ్రియా జన్యువులు చాలా నెమ్మదిగా మారతాయి. అందువల్ల ఇతర జంతువులను గుర్తించడానికి వాడే సీఓఐ జన్యుఖండం ఇక్కడ దగ్గరి జాతులను విడదీయలేదు. ఆక్టోకోరల్స్‌కే (మృదు పగడాలు, సముద్రపు విసనకర్రలు చేరిన ఎనిమిది స్పర్శకాల వర్గానికే) ప్రత్యేకమైన మట్ఎస్ జన్యువును తోడు తెచ్చుకున్నా కొన్ని జతలు విడివడలేదు. చివరికి వందలాది జన్యుస్థానాలను ఒకేసారి పోల్చే పద్ధతులతోనే 2022 నాటి సవరణ సాధ్యమైంది. ఆల్సియోనేసియా అనే పాత క్రమాన్ని తొలగించి, మొత్తం వర్గాన్ని మలాకాల్సియోనేసియా, స్క్లెరాల్సియోనేసియా అనే రెండు క్రమాలుగా విభజించారు. ఒకే రకం రేణువు వేర్వేరు శాఖల్లో విడివిడిగా రూపొందిన సందర్భాలు ఉండటంతో, కుటుంబాల స్థాయిలో స్క్లిరైట్ల మాటకు మునుపటి విలువ లేకుండా పోయింది.

జాతి స్థాయిలో పరిస్థితి వేరు. ఒక పేరు ఎవరికి చెందుతుందో నిర్ణయించేది మ్యూజియంలోని మూల నమూనా. వందేళ్ళు దాటిన నమూనాల నుంచి కూడా ముక్కలైన డీఎన్‌ఏను రాబట్టిన ఉదాహరణలు ఉన్నా, ఫార్మలిన్‌లో ఉంచినవాటిలో అది తరచూ పాడైపోయి ఉంటుంది. ఫార్మలిన్ ఆమ్లగుణం సంతరించుకుంటే స్క్లిరైట్లు కూడా అరిగిపోతాయి కాబట్టి, ఇప్పటి సేకర్తలు ఆల్కహాల్‌నే ఎంచుకుంటున్నారు. కొత్త జాతిని ప్రకటించే వ్యాసంలో జన్యుక్రమంతోపాటు కాలనీలోని ఒక్కో భాగపు స్క్లిరైట్ల ఎలక్ట్రాన్ చిత్రాలనూ సాధారణంగా జతచేస్తున్నారు. డీఎన్‌ఏ దక్కని పాత మూల నమూనాతో కొత్త జీవిని పోల్చవలసి వచ్చినప్పుడు పరిశోధకుడికి ఆ చిత్రాలే దిక్కు.