కుక్క మొరిగితే ముందు వినాలి

పర్లాకిమిడిలోని మా వీధిలోకి రోజూ ఉదయం ఆరున్నరకు పాలాయన సైకిలు వస్తుంది. హ్యాండిలుకు వేలాడే క్యాన్ల చప్పుడు వీధి మలుపులో వినబడగానే మా కర్రిగాడు అరుగు మీంచి లేచి, చెవులు రిక్కించి, గేటు సందులోంచి మూతి బయటపెట్టి మొరగడం మొదలుపెడతాడు. పాలాయన ఎదురింట్లో పాలు పోసి వెళ్లిపోగానే తోక నిటారుగా పెట్టుకుని తిరిగొచ్చి పడుకుంటాడు. ఆయన ఎలాగూ వెళ్లిపోయేవారేనని వాడికి తెలిసే వీలు లేదు. మొరిగిన ప్రతిసారీ సైకిలు వెళ్లిపోయిందన్నదే వాడు నేర్చుకున్న పాఠం.

మంచి ఫలితాన్నిచ్చిన పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందని, 1898లో పిల్లులను తలుపున్న పెట్టెల్లో ఉంచి చేసిన ప్రయోగాలతో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ చూపించారు. గేటు దగ్గరి మొరుగుడులో చాలా భాగానికి మూలం ఇదే. మూలం తెలియకుండా కుక్క నోరు మూయించాలని చూసేవారు ఎంత అరిచినా ప్రయోజనం ఉండదు.

అయితే మొరుగుళ్లన్నీ ఒకటి కావు. కుక్కకు దగ్గరి బంధువైన తోడేలు పెద్దయ్యాక అరుదుగా, ఎక్కువగా ప్రమాదాన్ని హెచ్చరించేటప్పుడు మాత్రమే మొరుగుతుంది. మనుషుల మధ్య బతికే కుక్క భయానికీ, ఆటకూ, ఒంటరితనానికీ, ఆకలికీ మొరుగుతుంది. సోఫియా యిన్ అనే పశువైద్యురాలు కుక్కల అరుపులను రికార్డు చేసి 2002లో విశ్లేషించినప్పుడు, తలుపు గంట మోగినప్పటి మొరుగుడు మంద్రంగా, బొంగురుగా, వెంటవెంటనే వస్తుందని, ఒంటరిగా వదిలేసినప్పటిది సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుందని తేలింది. 2005లో హంగరీ శాస్త్రవేత్త పీటర్ పొంగ్రాట్జ్ బృందం ఇలాంటి రికార్డులను మనుషులకు వినిపించగా, ఎన్నడూ కుక్కను పెంచనివారు కూడా ఏ అరుపు ఏ సందర్భానిదో ఊరికే ఊహిస్తే వచ్చేదానికంటే బాగా గుర్తుపట్టగలిగారు. కొండల్లోని సవరల మాటలను ఏళ్ల తరబడి ఓపికగా విని, వారి భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. కనుక ఎదుటి ప్రాణి ఏం చెబుతోందో ముందు వినాలని ఇక్కడివారికి నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇల్లు తాళం వేసి వెళ్లగానే సన్నని గొంతుతో ఆగకుండా అరిచే కుక్కది ఎడబాటు భయం. దాన్ని తిట్టకూడదు. మొదట రెండు నిమిషాలు, తర్వాత అయిదు, తర్వాత పది నిమిషాలు బయటికి వెళ్లివస్తూ ఒంటరితనాన్ని మెల్లగా అలవాటు చేయాలి. రోజంతా గొలుసుతో కట్టేసిన కుక్క మొరుగుతోందంటే దాని తప్పేమీ లేదు. పొద్దున్నే మహేంద్రతనయ నది గట్టు వెంట అరగంట నడిపించి, నేల వాసన తనివితీరా చూడనిస్తే దాని విసుగు చాలావరకు తగ్గుతుంది. ఏ కారణమూ లేకుండా అరుస్తోందనుకున్నప్పుడు, మనం వినగలిగే హద్దు దాదాపు 20,000 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) అయితే కుక్క దాదాపు 45,000 హెర్ట్జ్ వరకు వినగలదని గుర్తుంచుకోవాలి. ముసలి కుక్క ఉన్నట్టుండి రాత్రిళ్లు అరవసాగితే చెవిపోటో, కీళ్ల నొప్పో, వయసుతో వచ్చే మతిమరుపో కావచ్చు కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించాలి.

ఇక మనం చేసే పొరపాట్లు. లోపలి నుంచి మనం "ఏయ్" అని గద్దిస్తే, ఇంటివాళ్లు కూడా తనతో గొంతు కలిపారనే కుక్కకు అనిపించవచ్చు. నాలుగుసార్లు పట్టించుకోకుండా అయిదోసారి బిస్కెట్ పడేస్తే ఇంకా ప్రమాదం. అప్పుడప్పుడు మాత్రమే దొరికే ప్రతిఫలం అలవాటును మరింత మొండిగా పాతుకుపోయేలా చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు రుజువు చేశాయి. పైగా ప్రతిఫలం ఆపేసిన తొలి రోజుల్లో మొరుగుడు తగ్గడానికి ముందు పెరుగుతుంది. చాలామంది సరిగ్గా ఆ దశలోనే లొంగిపోయి, ఇంకా గట్టిగా అరిస్తే పని జరుగుతుందని కుక్కకు తామే నేర్పుతారు. మూతికి తాడు కట్టడం క్రూరత్వం, అంతకంటే ప్రాణాపాయం, ఎందుకంటే కుక్క ఒంటి వేడి తగ్గేది ప్రధానంగా నాలుక చాచి రొప్పడం వల్లనే. షాకు కొట్టే పట్టీలను వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది. పాలాయన కనబడినప్పుడల్లా మెడకు నొప్పి తగిలితే కుక్క ఆ నొప్పిని ఆయనకే ముడిపెట్టి, మొరగడం మాని ఏకంగా కరవవచ్చు.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని మా ఊళ్లలో మరో చిక్కు కూడా ఉంది. మా అమ్మ "ఊరుకో" అనేది, నేను "వద్దు" అనేవాణ్ని, పక్కింటి ఒడియా మావుసి "చుప్ చుప్" అనేవారు. హంగరీలో లారా క్వాయా బృందం 18 కుక్కల మెదళ్లను స్కాన్ చేసి, అవి వినే అలవాటున్న భాషనూ కొత్త భాషనూ వేరువేరుగా గుర్తిస్తాయని 2022లో ప్రచురించింది. భాషల తేడా పట్టగలిగినా, మూడు మాటలకూ అర్థం ఒకటేనని కుక్కకు ఎవరో ఒకరు నేర్పాలి కదా. అందుకే అందరం కూర్చుని "చుప్" ఒక్కటే చాలనుకున్నాం. గేటు సందుకు గోనెపట్టా కట్టి వీధి కనబడకుండా చేశాం. క్యాన్ల చప్పుడు ఇంకా దూరంగా ఉండగానే, కర్రిగాడు నోరు తెరవకముందే, అమ్మ వాడికి ఉడికించిన కోడిముక్క చిన్నది పెట్టేది. మొరిగితే "చుప్" అని, ఆగి మూడు లెక్కపెట్టేంత సేపు మౌనంగా ఉన్నాకనే ముక్క. మొదటి వారం ఏ మార్పూ కనబడలేదు. దీపావళి టపాసులకు నేర్చుకున్నదంతా పోయి, మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వచ్చింది.

ఇప్పుడు సైకిలు మలుపు తిరిగితే కర్రిగాడు రెండే రెండుసార్లు మొరుగుతాడు. ఆ రెండూ వద్దనే హక్కు నాకు లేదనిపిస్తుంది, అవి వాడు మాకిచ్చే కబురు. తర్వాత వీధి వైపు వీపు తిప్పి, అమ్మ చీర చెంగు దగ్గర కూర్చుని, ఆమె కుడిచేతి వైపు చూస్తాడు.